ఎడ్మంటన్ నుంచి పిలుపు

మా ఇంటికొచ్చే పేపర్లో ఆటల పేజీ అడుగున సన్నక్షరాల డబ్బా ఒకటి ఉండేది. బేస్‌బాల్ జట్లలో నిన్న ఎవరు చేరారు, ఎవరు పోయారు, ఎవరికి మోచెయ్యి పట్టేసింది, ఎవర్ని చిన్న లీగుకు దించారు, అంతా అందులోనే. మొన్న జులైలో ఒక పేరు కోసం పేజీలు తిప్పితే ఆ డబ్బా కనపడలేదు. డబ్బానే కాదు, ముందురోజు రాత్రి జరిగిన ఆట స్కోరు కూడా లేదు. ఇప్పుడు పేపరు సాయంత్రమే అచ్చుకు వెళ్లిపోతుందట. ఏడింటికి మొదలై పదింటికి ముగిసే ఆట అందులోకి ఎలా ఎక్కుతుంది? అయినా మా వీధిలో పేపరు తెప్పించుకునేది మేమూ, ఎదురింటి ముసలావిడా మాత్రమే. ఆవిడ కూపన్ల కోసం, మేం అలవాటు కొద్దీ.

మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇదొకటి. నేనిక్కడికి వచ్చేనాటికి ఈ అఖాతానికి అటొక పెద్ద లీగు జట్టు, ఇటొకటి. అటువైపు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్. ఇటువైపు ఓక్లండ్ అథ్లెటిక్స్. వాళ్లను ఇక్కడ ఎవరూ పూర్తిపేరుతో పిలవరు, ఏస్ అంటారు. అంటారు అనాలో, అనేవారు అనాలో, ఆ సంగతి తర్వాత.

క్రికెట్టు చూస్తూ పెరిగినవాళ్లకు బేస్‌బాల్లో ముందు వింతగా తోచేది ఆట కాదు, క్యాలెండరు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. సొంతూళ్లో 81, పరాయి ఊళ్లలో 81. వారానికి ఆరు రోజులు ఆటే. అంత ఆడితే మనుషులు అరిగిపోతారు. బంతి విసిరే పిచర్ భుజం లేవదు, దాన్ని అందుకునే క్యాచర్ మోకాలు వాస్తుంది. అందుకని ఏప్రిల్లో ఉన్న జట్టు జులైలో అలాగే ఉండదు. ప్రతి పెద్ద జట్టుకూ కింద మెట్లు మెట్లుగా చిన్న లీగు జట్లుంటాయి. పైన ఒకడికి దెబ్బ తగిలితే కింది మెట్టు నుంచి ఇంకొకణ్ణి పిలుస్తారు. పైవాడు కోలుకుంటే వచ్చినవాణ్ణి మళ్లీ కిందికి పంపిస్తారు. నేనొచ్చిన రోజుల్లో ఆ చిన్న లీగు మెట్లలో ఏస్‌కు పై మెట్టు జట్టు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉండేది. జెయింట్స్‌కు ఎరిజోనా ఎడారిలో, ఫీనిక్స్‌లో.

* * *

డబ్బాలో భాష మహా పొదుపు. ఊరి పేరు, అడ్డగీత, ఒక క్రియ, ఒక మనిషి. ఓక్లండ్, ఎడ్మంటన్ నుంచి ఫలానా పిచర్ని పిలిపించింది. ఫలానా అవుట్‌ఫీల్డర్ని 15 రోజుల డిసేబుల్డ్ లిస్టులో, అంటే దెబ్బ తగిలినవాళ్ల జాబితాలో, పెట్టింది. అంతే. ఎందుకో ఉండదు, ఆ మనిషి ఏమనుకున్నాడో ఉండదు. కొన్నిసార్లు బేరం కుదిరిపోతుంది గానీ బదులుగా ఎవర్నిస్తారో తేలదు. అప్పుడు పేరు తర్వాత చెబుతామని అచ్చువేసేవారు. ఆ పేరు తేల్చడానికి ఆర్నెల్ల గడువు. అంటే ఎక్కడో ఒక కుర్రాడు ఆర్నెల్లపాటు తను అమ్ముడుపోయాడో లేదో తెలియకుండా బ్యాటు తిప్పుతుండేవాడన్నమాట.

అప్పట్లో మా అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లం చాలామందిమి కన్సల్టింగ్ కంపెనీల తరఫున వచ్చినవాళ్లమే. ప్రాజెక్టుంటే ఉన్నట్టు, లేకపోతే బెంచి మీద. సోమవారం పొద్దున ఫోనొస్తే బుధవారానికల్లా ఒమాహాలోనో డెట్రాయిట్లోనో దిగాలి. అందుకే బేస్‌బాల్ నియమం ఒక్కటీ తెలియకపోయినా ఆ డబ్బా మాత్రం మాకు మొదటి రోజే అర్థమైంది. “ఒరేయ్, వీణ్ణి బెంచి మీంచి లేపార్రా,” అని మా గుంటూరు రూమ్మేటు పొద్దున్నే చదివి వినిపించేవాడు. స్ట్రైకంటే ఏమిటో వాడికి తెలీదు. ఎడ్మంటన్ నుంచి ఓక్లండ్‌కు ఎవరు ఎప్పుడొచ్చారో, ఎన్నాళ్లుండి వెళ్లారో వేళ్ల మీద చెప్పేవాడు. వాణ్ణి ఒక రోజు నిజంగానే ఒమాహా పంపించారు. ఏస్ కబుర్లు ఫోన్లో చదివి వినిపించమని ఆదివారాలు నన్ను సతాయించేవాడు. లాంగ్ డిస్టెన్స్ కాల్‌కు నిమిషానికి ఇంతని పడేది, అయినా సరే.

శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ ఆటల విభాగం లేతాకుపచ్చ కాగితం మీద వచ్చేది. పేరు కూడా స్పోర్టింగ్ గ్రీనే. పొద్దున బార్ట్ రైల్లో ఏ పెట్టె ఎక్కినా నాలుగైదు పచ్చ కాగితాలు తెరిచి ఉండేవి. దిగిపోయేవాడు సీట్లో వదిలేసి పోయేవాడు, ఎక్కినవాడు తీసుకునేవాడు. నేను చాలాకాలం పేపరు కొనకుండానే బేస్‌బాల్ నేర్చుకున్నాను. పక్కవాడి పేపర్లోకి తొంగిచూడటం ఇక్కడ మర్యాద కాదని విన్నాను గానీ, ఆకుపచ్చ పేజీకి మాత్రం ఆ నియమం వర్తించేది కాదు. చూస్తున్నావని తెలిస్తే ఇంకాస్త ఇటు తిప్పి పట్టుకునేవాళ్లు.

* * *

మా కంపెనీ హార్డ్‌వేర్ ల్యాబులో ఒక పెద్దాయన పనిచేసేవాడు. సర్క్యూట్ బోర్డులు సోల్డరింగ్ చెయ్యడం, పాడైనవి బాగుచెయ్యడం ఆయన పని. పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుంది అంతా ఓక్లండ్‌లోనే. 1972, 1973, 1974, వరసగా మూడేళ్లు ఏస్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు కుర్రాడు. 1989లో అటు జెయింట్సూ ఇటు ఏసూ ఫైనల్లో తలపడి, మూడో ఆట మొదలయ్యే ముందు భూకంపం వచ్చి, పది రోజులు ఆగి మళ్లీ ఆడి ఏస్ నాలుగుకు నాలుగూ గెలిచినప్పటికి నలుగురు పిల్లల తండ్రి.

ఆయన బల్ల పక్కన బూడిదరంగు ఇనప బీరువా ఉండేది. దాని తలుపు మీద పాతిక కార్డులు, లైబ్రరీ సొరుగుల్లో ఉండే సైజువి, అయస్కాంతాలతో అంటించి ఉండేవి. ఒక్కో కార్డు మీద పేరు, చొక్కా నంబరు, ఏ చేత్తో విసురుతాడు, ఏ చేత్తో కొడతాడు. పేరు పెన్నుతో, మిగతాదంతా పెన్సిల్‌తో. పైన పిచర్ల వరస, మధ్యలో క్యాచర్లూ ఇన్‌ఫీల్డర్లూ, ఆ కింద అవుట్‌ఫీల్డర్లు. తలుపు అడుగున, నేలకు జానెడెత్తులో, డిసేబుల్డ్ లిస్టు. బీరువా పక్క రేకు మీద ఎడ్మంటన్.

పొద్దున ఎనిమిదికి వచ్చి, కోటు తగిలించి, కాఫీ కూడా పోసుకోకుండా పచ్చ కాగితం బల్ల మీద పరిచేవాడు. బోర్డుల మీద అతుకులు చూడటానికి గుండ్రటి దీపం తగిలించిన భూతద్దం ఉండేది, దాన్ని పేపరు మీదికి లాగి డబ్బా చదివేవాడు. తర్వాత అయస్కాంతాలు కదిలేవి, టక్, టక్ అని. ఇవతలి గదిలో మాకు ఆ చప్పుడే కబురు. రెండు టక్కులంటే ఒకడు దిగాడు, ఒకడు ఎక్కాడు. నాలుగైదు వినిపిస్తే కుర్చీలు వదిలేసి వెళ్లేవాళ్లం.

వెళ్లాక అసలు పని మొదలు. ఎవరికి వీపు పట్టింది? ఎడమచేతి పిచర్ కావాలా, కుడిచేతి పిచర్ కావాలా? ఎడ్మంటన్ రేకు మీద ఎవరున్నారు? ఒక ఆటగాణ్ణి మూడు సీజన్ల వరకే అలా పైకీ కిందికీ తిప్పొచ్చు. ఆ తర్వాత దించాలంటే ముందు మిగతా జట్లన్నిటికీ ‘మీకు కావాలా’ అని అడగాల్సిందే. ఎవరైనా ఊఁ అంటే మనిషి చెయ్యి జారిపోతాడు. ఎవడికి ఎన్ని సీజన్లు అయిపోయాయో ఆయన కార్డు వెనక చిన్న చిన్న గీతలు పెట్టుకునేవాడు. మేనేజరు రేపేం చేస్తాడో ఆ గీతలు చూసి చెప్పేవాడు. సగం సార్లు తప్పయ్యేది. తప్పయితే మేనేజరుకు బుద్ధి లేదనేవాడు.

జెయింట్స్‌కు ఆ బీరువా మీద చోటు లేదు. వాళ్ల వార్తలు మాత్రం వరస తప్పకుండా చదివేవాడు, అదీ చివర్లో, ఏదో అటుగా పోతూ కన్నుపడ్డట్టు.

* * *

పొద్దున పేపరైతే సాయంత్రం రేడియో. జెయింట్స్ ఆటలు 680 మీద, కేఎన్‌బీఆర్‌లో. యాభైవేల వాట్ల స్టేషను, రాత్రిపూట ఎంత దూరం పోయినా వినపడేది. ఏస్ ఆటలకు గొంతు బిల్ కింగ్‌ది. 1981 నుంచి 2005లో చనిపోయేదాకా ఆయనే. మెలితిప్పిన మీసాలు, చిన్న గడ్డం, నోటి నిండా నిఘంటువు. ఆట ఒక్కసారిగా మలుపు తిరిగితే “హోలీ టొలీడో” అని ఒక కేక. ఆయన ఇంగ్లిష్ విని నేను నేర్చుకున్న మాటలు ఆఫీసు మీటింగుల్లో వాడితే అమెరికన్లే అర్థం అడిగేవారు.

ఆటకు ముందు అరగంట కార్యక్రమం ఉండేది. 880 ఫ్రీవే మీద బళ్లు నత్తనడక నడుస్తున్న వేళ. ‘ఇవాళ మధ్యాహ్నం జట్టులో ఒక మార్పు’ అని వినపడగానే కారులో ఉన్న నలుగురం మాటలాపేసేవాళ్లం. అద్దాలు దించి ఉంటే పక్క కారులోంచి కూడా అదే గొంతు. మార్పేమిటో చెప్పేలోపు ప్రకటన వచ్చేది, టైర్లదో పరుపులదో. ఆ రెండు నిమిషాల్లో కారులో ఎన్ని పుకార్లు పుట్టేవో.

ఇందులో నాకు ఇప్పటికీ గొప్పగా తోచే సంగతి ఒకటుంది. పొద్దున డబ్బాలో పేరు చదివిన మనిషిని అదే సాయంత్రం వెళ్లి కళ్లారా చూడగలిగేవాళ్లం. ఫ్రీమాంట్‌లో బార్ట్ ఎక్కితే తిన్నగా కొలీజియం స్టేషను. స్టేషను నుంచి స్టేడియానికి పొడుగాటి కాలివంతెన, రెండు పక్కలా ఇనప జాలీ. వంతెన మీద వేరుశనక్కాయల సంచులూ నీళ్ల సీసాలూ పరుచుకుని, లోపల ఇంతకు రెట్టింపు తీసుకుంటారని అరిచేవాళ్లు. ఆ అరుపుల్లోంచి నడుచుకుంటూ పోతే సిమెంటు గిన్నెలాంటి స్టేడియం. కుడివైపు చవక సీట్లలోంచి డప్పులు. ఆ స్టేడియం అందంగా ఉంటుందని ఎవరూ అనలేదు, నేనూ అనను. మురుగు గొట్టాలు పొంగి ఆటగాళ్ల గదుల్లోకి వచ్చిన సందర్భాలున్నాయి.

కానీ అక్కడొక సౌకర్యముండేది. కొత్త స్టేడియాల్లో బుల్‌పెన్, అంటే పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు, గోడవతల ఉంటుంది. కొలీజియంలో మైదానంలోనే, పక్కగీత అవతల, అందరి కళ్లెదుట. నిన్నటిదాకా ఎడ్మంటన్‌లో ఆడి రాత్రి విమానమెక్కి వచ్చిన కుర్రాడు ఏడో ఇన్నింగ్స్‌లో అక్కడ లేచి నిలబడతాడు. జాకెట్టు తీస్తాడు. మొదట మెల్లగా, తర్వాత విసురుగా బంతులు వేస్తాడు. చొక్కా మడతలు ఇంకా పోలేదు. మూడో వరసలో మేం శనక్కాయలు వొలుస్తూ, పొద్దున బీరువా మీద టక్కుమన్న కార్డు ఇదేనని అనుకుంటాం. పేపర్లో ఒక్క వాక్యం, బీరువా మీద ఒక చప్పుడు, రాత్రికి ఒక మనిషి.

* * *

1997 జులై 31. సీజన్ మధ్యలో ఆటగాళ్లను మార్చుకోవడానికి గడువు ముగిసే రోజు. అఖాతానికి అటూ ఇటూ ఇళ్లలో ఆ రోజు రెండు రకాల వాతావరణం. జెయింట్స్ డివిజన్ గెలిచే ఊపులో ఉన్నారు, కాబట్టి కొంటారు. ఏస్ అట్టడుగున ఉన్నారు, కాబట్టి అమ్ముతారు. అమ్మేదెవర్నో అందరికీ తెలుసు. మార్క్ మెక్‌గ్వైర్ అప్పటికే 34 హోమ్ రన్లు కొట్టాడు, ఒప్పందం ఆ ఏడాదితో సరి.

సాయంత్రానికి తేలింది. మెక్‌గ్వైర్ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు. బదులుగా ముగ్గురు పిచర్లు: టి.జె. మాథ్యూస్, ఎరిక్ లుడ్‌విక్, బ్లేక్ స్టైన్. అదే రోజు జెయింట్స్ చికాగో వైట్ సాక్స్‌కు ఆరుగురు కుర్రాళ్లనిచ్చి విల్సన్ అల్వారెజ్, రొబెర్టో హెర్నాండెజ్, డానీ డార్విన్ అనే ముగ్గురు చెయ్యి తిరిగిన పిచర్లను తెచ్చుకున్నారు. వైట్ సాక్స్ మొదటి స్థానానికి మూడున్నర ఆటల దూరంలోనే ఉండి ఇంత పని చేశారని చికాగో జనం మండిపడ్డారు. తెల్లజెండా బేరమన్న పేరు దానికి ఇప్పటికీ ఉంది.

మర్నాడు ల్యాబులోంచి చప్పుడు రాలేదు. వెళ్లి చూస్తే మెక్‌గ్వైర్ కార్డు ఎక్కడిదక్కడే ఉంది. పెద్దాయన తల దించుకుని సోల్డరింగ్ చేసుకుంటున్నాడు, పొగ దీపం చుట్టూ తిరుగుతోంది. భోజనాల వేళకు లేచాడు. కార్డు తీశాడు. అంచులు నల్లబడి ఉంది, నంబరు 25 మీద పెన్సిల్ రెండుసార్లు దిద్దిన జాడ ఉంది. వెనక్కి తిప్పి చూసి సొరుగులో వేశాడు. అప్పుడు కొత్త కార్డులు తీసి ముగ్గురి పేర్లూ రాశాడు. మాథ్యూస్ పేరు రాస్తూ, “వీళ్ల నాన్న కూడా మనకు ఆడాడు, జట్టు కాన్సాస్ సిటీలో ఉన్నప్పుడు,” అన్నాడు. నిజమే, నెల్సన్ మాథ్యూస్ అని అవుట్‌ఫీల్డరు. ఏస్ మొదట ఫిలడెల్ఫియా జట్టు, 1955లో కాన్సాస్ సిటీకి మారింది, 1968లో ఓక్లండ్‌కొచ్చింది. కాన్సాస్ సిటీలో కూడా ఎవరో ఒకాయన బీరువా మీద కార్డులు పెట్టుకునే ఉంటాడని ఆ రోజు మాకెవరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన కర్ట్ ఫ్లడ్ సంగతి చెప్పాడు. ఫ్లడ్ వెస్ట్ ఓక్లండ్ పిల్లాడు, మెక్‌క్లైమండ్స్ హైస్కూల్లో చదివాడు. కార్డినల్స్‌కు పన్నెండేళ్లు ఆడాక 1969లో వాళ్లు అతణ్ణి ఫిలడెల్ఫియాకు మార్చేశారు. నేను పోనన్నాడు. అమ్ముకోవడానికి నేను సరుకును కానని కమిషనరుకు ఉత్తరం రాసి, కేసు వేసి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. ఆట పోయింది, డబ్బు పోయింది. కానీ ఆ గొడవ తర్వాతే ఒక నియమం వచ్చింది: లీగులో పదేళ్లు పూర్తిచేసి, చివరి ఐదేళ్లూ ఒకే జట్టుకు ఆడినవాణ్ణి అతని ఒప్పుదల లేకుండా మార్చకూడదు. మెక్‌గ్వైర్‌కు ఆ హక్కుంది, ఒప్పుకునే వెళ్లాడు. బదులుగా వచ్చిన ముగ్గురికీ అంత సర్వీసు లేదు. వాళ్లనెవరూ అడగలేదు. ఆ 1997 జనవరిలోనే ఫ్లడ్ చనిపోయాడు. అభిమానులం మనం ఎంతసేపూ ఎవరొచ్చారు, ఎవరు పోయారు అనే చూస్తాం గానీ, నడి వేసవిలో పిల్లల బడి, ఇంటి లీజు, భార్య ఉద్యోగం అన్నీ వదిలేసి మూడు రోజుల్లో ఇంకో ఊరికి చేరాల్సినవాడి సంగతి మన డబ్బాలో పట్టదు.

మా ఆవిడ దీన్ని నాకంటే ముందే పట్టుకుంది. తను వచ్చిన తొలి వేసవిలోనే, “ఇవాళ ఎవర్నమ్మారండీ?” అని అడగడం మొదలుపెట్టింది, పప్పులో తాలింపు వేస్తూ. అమ్మడం కాదోయ్, మార్పిడి అంటే, “వాళ్ల పెళ్లాం పిల్లలు కూడా మార్పిడేనా?” అనేది.

ఆ బేరాల తర్వాతి సంగతులు క్లుప్తంగా. జెయింట్స్ ఆ ఏడాది డివిజన్ గెలిచి తొలి రౌండ్లోనే ఇంటికొచ్చారు. వాళ్లిచ్చేసిన ఆరుగురిలో కీత్ ఫోల్క్ అనేవాడు 2003లో మా ఏస్‌కే వచ్చి, ఆఖర్లో గెలుపు కాపాడిన 43 సేవ్‌లతో లీగులో మొదటివాడయ్యాడు, మరుసటి ఏడు బోస్టన్‌కు వెళ్లి వరల్డ్ సిరీస్ ఆఖరి బంతి విసిరాడు. మెక్‌గ్వైర్ 1998లో 70 హోమ్ రన్లు కొట్టాడు. స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు. అప్పటికి పెద్దాయన రిటైరై చాలాకాలమైంది. బీరువా కంపెనీది కాబట్టి వదిలేశాడు, కార్డులు తీసుకెళ్లాడు, అయస్కాంతాలు మాకు పంచాడు.

* * *

జులై గడువు దాటాక ఆగస్టులో ఒక దొడ్డిదారి ఉండేది, వేవర్స్ అని. ఆటగాణ్ణి అందరి ముందూ పెట్టాలి, ఎవరూ అడగకపోతే మార్చుకోవచ్చు, ఎవరైనా అడిగితే వాళ్లకిచ్చేయనూ వచ్చు. ఆగస్టు 31 లోపు చేరినవాడికే అక్టోబరు ఆటల్లో చోటు. ఆ తేదీన వింతలు జరిగేవి. 1992లో అదే రోజు కొలీజియంలో హోసే కాన్సెకో బ్యాటు పట్టుకుని తన వంతు కోసం నిలబడి ఉండగా వెనక్కి పిలిచి, నిన్ను టెక్సస్‌కు ఇచ్చేశామని చెప్పారు. పెద్దాయన ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదట, చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకున్నవాళ్లకు తప్ప. వాళ్ల నుంచి పక్కవాళ్లకూ, పక్కవాళ్ల నుంచి పై వరసలకూ పాకింది.

2010 ఆగస్టులో జెయింట్స్ ఇలాగే కోడీ రాస్ అనే అవుట్‌ఫీల్డర్ని ఫ్లోరిడా నుంచి అడిగి తీసుకున్నారు. అతను శాన్‌డియేగో చేతికి చిక్కకుండా అడ్డుపుల్ల వేశారంతే అని అప్పట్లో అందరూ అన్నారు. ఒక్క లైను వార్త. అక్టోబరుకల్లా అతనే లీగు ఫైనల్ సిరీస్‌లో మేటి ఆటగాడు. 1958లో న్యూయార్కు నుంచి తరలివచ్చాక జెయింట్స్ వరల్డ్ సిరీస్ గెలవడం అదే మొదటిసారి. ఎంత చిన్న లైనునీ దాటేయకూడదని పెద్దాయన అనే మాట జెయింట్స్ విషయంలో నిజమైనందుకు ఆయనకు ఒళ్లు మండి ఉంటుంది.

అప్పటికే పేపరు పని ఫోను చేస్తోంది. 2019 నుంచి ఆగస్టు బేరాలు రద్దయ్యాయి. డిసేబుల్డ్ లిస్టు పేరు కూడా ఆ ఏడాదే మారింది, ఇప్పుడది ఇంజ్యూర్డ్ లిస్టు. పాతికమంది 26 అయ్యారు. ఓక్లండ్ ట్రిబ్యూన్ అన్న దినపత్రిక 2016లో ఆగిపోయింది. ఈ మధ్యలో ఏస్ మా ఫ్రీమాంట్‌కే వస్తారన్న ముచ్చట కూడా ఒకటి నడిచింది. 2006లో సిస్కో పేరుతో స్టేడియం కడతామని ప్రకటించారు. గుళ్లో, పుట్టినరోజు పార్టీల్లో తెలుగువాళ్లం రెండు వర్గాలుగా చీలిపోయాం, ఇళ్ల ధరలు పెరుగుతాయనేవాళ్లూ, ట్రాఫిక్ చంపేస్తుందనేవాళ్లూ. ఆటగాళ్ల ఊసెత్తినవాడు లేడు. 2009లో ఆ ఆలోచన మానేశారు.

* * *

ఇప్పుడు మా అబ్బాయి ఫోను రోజుకు ఇరవైసార్లు గుయ్యిమంటుంది. ఎవడి మోకాలికి స్కాన్ తీశారో, ఎవడి బంతి గాల్లో నిమిషానికెన్ని చుట్లు తిరుగుతుందో వాడికి క్షణాల్లో తెలుస్తుంది. మార్పిడి వార్త కంటే ముందే దాని మీద పదిమంది తీర్పు వచ్చేస్తుంది. వాడికి నాకంటే పదిరెట్లు ఎక్కువ తెలుసు, ఇది ఒప్పుకోవాల్సిన మాట. హైదరాబాద్‌లో మా తమ్ముడు పొద్దున్నే ఏడున్నరకు ఇడ్లీ తింటూ జెయింట్స్ రాత్రి ఆట ప్రత్యక్షంగా చూస్తాడు. ఒమాహా నుంచి ఫోన్ చేసి డబ్బా చదివించుకున్న మా రూమ్మేటు కాలంలో ఇది కలలోని మాట.

ఆటగాళ్లకు జరిగిన మేలు ఇంకా పెద్దది. ఎడ్మంటన్ రేకు మీది కార్డులకు జీతమెంతో మేమెన్నడూ అడగలేదు. పిలుపు కోసం ఎదురుచూసే కుర్రాడి కథ మాకు ముచ్చటగా ఉండేది, వాడు ఒక గదిలో ఎంతమందితో పడుకునేవాడో మాకనవసరం. 2022 నుంచి చిన్న లీగు ఆటగాళ్లకు జట్లే బస ఏర్పాటు చేస్తున్నాయి. వాళ్లకు యూనియన్ వచ్చింది, 2023లో తొలి ఒప్పందం కుదిరింది. పై మెట్టు ఆటగాడికి ఏడాదికి 17,500 డాలర్లుండే కనీస జీతం 35,800 అయ్యింది. పచ్చ కాగితం పోయినందుకు నేనెంత బాధపడ్డా, ఈ లెక్క ముందు అది నిలవదు.

పోయిందేమిటంటే, వార్తకూ మనిషికీ మధ్య ఉన్న ఆ ఒక్క పగలు. పొద్దున చదివి, మధ్యాహ్నం వాదించుకుని, సాయంత్రం రైలెక్కి చూసేది. మా అబ్బాయికి ఇష్టమైన ఆటగాళ్లు పన్నెండు ఊళ్లలో ఉన్నారు, ఫ్యాంటసీ జట్టులో వాళ్లను వాడే కొంటాడు, వాడే అమ్ముతాడు. వాళ్లలో ఒక్కణ్ణయినా చూడటానికి ఏ రైలూ ఎక్కక్కర్లేదు. వాడికది లోటుగా తోచదు, తోచాలని నేననను. కానీ వాడు వాదించుకునే మనుషుల మొహాలు వాడెప్పుడూ చూడలేదు. మాకు ల్యాబులో సోల్డరింగ్ వాసన మధ్య, రైల్లో, వంతెన మీద జరిగిన వాదన అంతా మనుషులతోనే.

* * *

వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు 2019లో ఓక్లండ్ వదిలి అఖాతం దాటింది. రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు 2020లో లాస్ వేగస్ వెళ్లింది. మిగిలింది ఏస్. వాళ్లూ లాస్ వేగస్‌కే వెళ్లిపోతున్నారని తెలిశాక 2023 జూన్‌లో ఒక మంగళవారం జనం కావాలని కొలీజియం నింపారు, 27 వేల పైచిలుకు వచ్చి, జట్టును అమ్మెయ్ అని యజమానికి వినపడేలా అరిచారు. యజమాని వినలేదు. మిగతా జట్ల యజమానులు ఆ నవంబరులో తరలింపుకు ఒప్పుకున్నారు. 2024 సెప్టెంబరు 26న కొలీజియంలో ఆఖరి ఆట. 46,889 మంది. టెక్సస్ మీద 3-2తో గెలిచారు. ఆఖరి ఇన్నింగ్స్ ముగించిన పిచర్ మేసన్ మిల్లర్. 2025 జులై 31న అతణ్ణి శాన్‌డియేగోకు ఇచ్చేశారు.

ఇచ్చేసింది ఓక్లండ్ కాదు. ఇప్పుడా జట్టు పేరులో ఊరే లేదు, ఉత్త అథ్లెటిక్స్. లాస్ వేగస్‌లో స్టేడియం సిద్ధమయ్యేదాకా, 2028 దాకా, వెస్ట్ సాక్రమెంటోలో ఒక చిన్న లీగు మైదానంలో ఆడుతున్నారు. ఆ మైదానం వాళ్లకు కొత్తది కాదు. 2000 నుంచి 2014 దాకా ఏస్‌కు పై మెట్టు జట్టు అక్కడే ఉండేది. ఎందరో కుర్రాళ్లు ఓక్లండ్ పిలుపు కోసం అక్కడే ఎదురుచూశారు. పిలవాల్సిన జట్టే మూటాముల్లె సర్దుకుని అక్కడికి దిగింది. కాలిఫోర్నియా చరిత్రలో ఇంతకన్నా పెద్ద డిమోషన్ నేను చూడలేదు.

వాళ్ల వార్తలు నా ఫోనుకు ఇప్పటికీ వస్తాయి, ముందుకంటే వివరంగా. చదువుతాను. కానీ ఊళ్లో లేని జట్టులో ఎవరికి వీపు పట్టిందో తెలుసుకుని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. జెయింట్స్ ఉన్నారు కదా అంటారు మిత్రులు. నిజమే, ఉన్నారు, స్టేడియం అందమైనది, టిక్కెట్టు ఖరీదైనది. ఓక్లండ్ జట్టు వెంట ఇన్నేళ్లు తిరిగినవాణ్ణి, అంత తేలిగ్గా అటు మొగ్గలేను.

ఈ ప్రాంతంలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. వెస్ట్ ఓక్లండ్‌లో, కర్ట్ ఫ్లడ్ పెరిగిన పేటలోనే, రైమోండి పార్కు అని ఒక మైదానముంది. 2024 నుంచి అక్కడ ఓక్లండ్ బాలర్స్ అనే జట్టు ఆడుతోంది. పయొనీర్ లీగు, అంటే ఏ పెద్ద జట్టుకూ అనుబంధం కాని చిన్న లీగు. జట్టులో అభిమానులకూ వాటాలున్నాయి. 2025లో లీగు గెలిచారు. ఆటలు మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటాయి. కుర్చీలకూ మైదానానికీ మధ్య దూరం తక్కువ, పిల్లలకు ఆటగాళ్ల మాటలు వినపడతాయి. వెళ్లే ముందు జట్టు జాబితా ఒకసారి చూసుకోండి. సీజన్ మధ్యలో అది మారుతూనే ఉంటుంది.